క్యాట్‌ఫిష్‌కు ఏ ఎర పెట్టాలి, లివర్ ఎందుకు ఊడిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఇబ్రహీంపట్నం వైపు ఒక చెరువులో, మత్స్యకారుల సంఘం వాళ్లను అడిగే, మూడు వారాలుగా గాలం వేస్తున్నారు. చికెన్ లివర్ పెడితే విసిరేటప్పుడే గాల్లో ఊడిపోతోంది. పిండి ముద్ద పెడితే ఐదు నిమిషాల్లో చిన్న చేపలు తినేస్తున్నాయి. ఒక్కోసారి లాగింది, కానీ పడలేదు. మార్పు, జెల్ల, కుదిరితే వాలుగ లాంటి మీసాల చేపలు పడాలంటే ఏ ఎర పెట్టాలి? ఎర ఎంత కుళ్లితే అంత మంచిదంటున్నారు, నిజమేనా?

ముందు సూటిగా చెప్తాను. ఒక్క ఎరతోనే వెళ్లాలంటే ఎర్రలు (వానపాములు) తీసుకెళ్లండి. నాలుగైదు కలిపి గుత్తిగా గుచ్చి, నీటి అడుగున నేల మీద ఆగేలా వేయండి. జెల్ల, మార్పు, ఇంగిలాయి మూడూ తింటాయి. లివర్ రెండో స్థానం, అది కూడా ఉప్పు పట్టించి, గుడ్డలో చుట్టి, దారంతో కడితేనే. వాలుగకు మాత్రం ఈ రెండింటితో పని జరగదు, దానికి చేప కావాలి. ఇక కుళ్లు సంగతి: ఎరకు వాసన ఉండాలి కానీ అది కుళ్లిపోకూడదు. ఈ రెండింటికీ తేడా తెలియక నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను.

నాకు ఉప్పల్‌లో మోటార్ వైండింగ్ షాపు ఉంది. 1996 నుంచి ఆదివారాలు చెరువు గట్ల మీదే గడుపుతున్నాను. నేనేమీ ఫిషరీస్ చదువుకోలేదు. ఒక సంఘం పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నది కొంత, చేపలు పడని రాత్రులు నేర్పింది ఎక్కువ. మా షాపుకు వచ్చే వాళ్లలో సగం మంది మోటారు మాట అయిపోగానే ఎర సంగతే అడుగుతారు, కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

మీ ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. "క్యాట్‌ఫిష్" అని ఒక్క మాటలో అన్నారు గానీ, మన చెరువుల్లో మీసాల చేపలన్నీ ఒకే తిండి తినవు. జెల్ల చిన్నది, గుంపులుగా తిరుగుతుంది, నోరు చిన్నది. మార్పు బురదలో ఉంటుంది, పైకి వచ్చి గాలి మింగి మళ్లీ కిందికి పోతుంది, దొరికింది తింటుంది. ఇంగిలాయి (ఇంగిలికం అనేవాళ్లూ ఉన్నారు) సన్నగా, ముదురు రంగులో ఉంటుంది, దాని ముల్లు గురించి చివర్లో చెప్తాను. వాలుగ పూర్తిగా వేటాడే చేప. నోరు కళ్ల వెనక దాకా చీలి ఉంటుంది, లోపల వరసలుగా సన్నని పళ్లు, మీటరు దాటి పెరుగుతుంది. వీటికి తోడు ఆఫ్రికన్ మార్పు ఒకటి దాపురించింది, దానికి కోడి వ్యర్థాలంటే పండగే. పెంపకం చెరువుల నుంచి తప్పించుకున్న పంగస్ కూడా అక్కడక్కడా పడుతుంది, అది బ్రెడ్డు ముక్కకూ, చేపల దాణాకూ వస్తుంది.

అందుకే ఎర కొనేముందు ఒక సాయంత్రం గట్టు మీద ఊరికే కూర్చోండి. నీటి మీద బుడుంగుమని పైకి లేచి వెంటనే మునిగిపోయేవి కనిపిస్తే మార్పులు ఉన్నట్టు. ఒడ్డు పక్కన చిన్న చేపలు ఒక్కసారిగా చెల్లాచెదురుగా ఎగిరితే కింద వాలుగో కొర్రమీనో తిరుగుతున్నట్టు. వల తీసే సంఘం వాళ్లను అడిగితే ఇంకా తేలిక, పొద్దున తట్టలో ఏం పడిందో వాళ్లే చెప్తారు.

వాసన ఎందుకు అంత ముఖ్యం

మీసాల చేపకు కళ్లతో పెద్దగా పని లేదు. మీసాల మీద, పెదవుల మీదే కాదు, ఒంటి మీద కూడా రుచి మొగ్గలు ఉంటాయి. అమెరికాలో ఒక జాతి మీద లెక్కపెడితే లక్షకు పైనే తేలాయి. అంటే చేప మొత్తం ఒక నాలుక అనుకోండి. బురద నీటిలో, చీకట్లో అది ఎర పక్క నుంచి పోతూ తోకతో కూడా రుచి చూడగలదు.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. ఆ నాలుకకు తెలిసేది నీళ్లలో కరిగే రుచి మాత్రమే. రక్తం, లివర్ రసం, ఎర్ర ఒంటి మీది జిగురు, రొయ్య పెంకు కింది నీరు, వీటిలో ఉండే అమైనో ఆమ్లాలు నీళ్లలో కరిగి పాకుతాయి. నూనె కరగదు, నీటిపైకి తేలిపోతుంది. చాలామంది ఎరకు ఆవ నూనె, సోంపు నూనె బాగా పట్టించి ఎదురు చూస్తుంటారు. మనకు గుప్పుమని వాసన వస్తుంది, అడుగున ఉన్న చేపకు అంతగా అందదు. కాస్త పట్టిస్తే నష్టం లేదు కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకో సంగతి, ఆ రసం ఎంతోసేపు కారదు. లివర్ అయినా, రొయ్య అయినా ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తర్వాత కొక్కేనికి ఉన్నది తెల్లబోయిన పీచు. దాన్నే గంటన్నర నీళ్లలో ఉంచి "చేపలు లేవు" అనుకుంటాం. నేను 25 నిమిషాలకు ఒకసారి ఎర మారుస్తాను, కదలిక ఉన్నా లేకపోయినా. నా రాత్రులు మారింది ఏ కొత్త ఎర వల్లా కాదు, ఈ ఒక్క అలవాటు వల్ల.

ఎర్రలు

వానాకాలంలో ఎక్కడ తవ్వినా దొరుకుతాయి. ఎండాకాలంలోనే కష్టం. అప్పుడు పశువుల కొట్టం పక్కన పాత పేడ దిబ్బ అంచు, స్నానాల నీళ్లు పారే చోట అరటి మొదలు, ఇలాంటివి వెతకాలి. అదీ కుదరకపోతే నర్సరీల్లో వర్మీ కంపోస్ట్ చేసేవాళ్లను అడగండి. వాళ్ల దగ్గర ఉండేవి సన్నటి ఎర్రటివి. గుచ్చగానే పసుపు పచ్చటి రసం కారుస్తాయి, ఘాటైన వాసన వస్తుంది. జెల్లలు వాటిని ఒక్కోసారి తింటాయి, ఒక్కోసారి ముట్టుకోవు. వాటిని గుచ్చేముందు తడి మట్టిలో ఒక రాత్రి ఉంచుతాను, ఘాటు తగ్గినట్టు నాకు అనిపిస్తుంది. మట్టిలో పెరిగిన లావుపాటి నాటు ఎర్ర దొరికితే మాత్రం దానికి సాటి లేదు.

గుచ్చే పద్ధతి: ఎర్రను పొడవునా కొక్కేనికి తొడిగేయకండి. మధ్యలో ఒకటి రెండు చోట్ల గుచ్చి రెండు కొసలూ వేలాడనివ్వండి. అవి మెలికలు తిరగాలి. నాలుగైదు కలిపితే గుత్తి అవుతుంది. మీకున్న చిన్న చేపల బెడదకు కూడా కొంతవరకు ఇదే మందు. పరకలు (చిన్న చేపలు) కొసలు కొరుక్కుపోయినా నడుమ భాగం మిగులుతుంది, అది మార్పుకు సరిపోతుంది. జెల్లలే కావాలంటే ఒకటి రెండు ఎర్రలు చాలు, దాని నోరు చిన్నది.

వాటిని మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బండి డిక్కీలో వేయకండి. గంటలో ఉడికిపోతాయి. పాత మట్టి కుండ, తడి మట్టి, పైన తడి గోనె గుడ్డ, అంతే. మా ఇంట్లో మంచినీళ్లకు పనికిరాని పగుళ్ల కూజా ఒకటి ఈ పనికే ఉంది.

లివర్, మీ అసలు బాధ

లివర్ ఊడిపోవడంలో మీ చేతి తప్పు లేదు. అది మెత్తటి పదార్థం, లోపల పట్టుకునే నరం, కండ ఏమీ ఉండవు. విసిరిన వేగానికి కొక్కెం దాన్ని కోసేస్తుంది. మూడు పనులు చేయండి.

మొదటిది, తాజా లివర్ తీసుకోండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టి కరిగినది మరీ మెత్తగా, నీళ్లు నీళ్లుగా అయిపోతుంది. చికెన్ షాపులో పొద్దున్నే అడిగితే గట్టిగా, ముదురు రంగులో ఉన్నవి ఇస్తారు. కందనకాయ కూడా అడగండి, దాని గురించి తర్వాత చెప్తాను.

రెండోది, ఉప్పు. ముక్కలను నిమ్మకాయంత చేసుకుని, కల్లుప్పు చల్లి, జల్లిబుట్టలో వేసి నీరు కారనివ్వండి. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే పైన తోలులా గట్టిపడుతుంది. కొంత రక్తం ఉప్పుతో బయటికి పోతుంది, నిజమే. కానీ కొక్కేనికి నిలవని తాజా లివర్ కన్నా నిలిచే ఉప్పు లివర్ నయం. కారిన రక్తాన్ని నేను పారబోయను, తౌడులో కలుపుతాను.

మూడోది, గుడ్డ. మెడికల్ షాపులో గాయాలకు కట్టే పల్చటి గాజు గుడ్డ చుట్ట దొరుకుతుంది. నాలుగు వేళ్ల చదరం ముక్క కత్తిరించి, మధ్యలో లివర్ పెట్టి, మూట కట్టి, మెడ దగ్గర కుట్టు దారంతో ఏడెనిమిది చుట్లు తిప్పండి. కొక్కేన్ని మూట మెడలోంచి గుచ్చి, మొన బయటికి తీయండి. రసం గుడ్డలోంచి కారుతూ ఉంటుంది, ముక్క మాత్రం కదలదు. పరకలకు కూడా అందులోంచి పీక్కోవడం కష్టం. గుడ్డ వద్దనుకుంటే ఎలాస్టిక్ దారం తీసుకోండి, టైలరింగ్ సామాను షాపుల్లో ఉంటుంది, ముడి కూడా అక్కర్లేకుండా చుట్టుకుంటూ పోతే పట్టేస్తుంది. పని అయ్యాక ఆ గుడ్డ ముక్కలు, దారాలు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోండి. గట్టు మీద పారేస్తే సంఘం వాళ్లు రెండోసారి రానివ్వరు, వాళ్లదేం తప్పు లేదు.

కొక్కెం మొన బయటికి కనపడాలి. కొత్తవాళ్లంతా చేప చూస్తుందేమోనని మొనను ఎరలో దాచేస్తారు. బురదలో తిరిగే చేప మొనను చూసేదేముంది? మొన లివర్ లోపల ఉంటే, లాగినప్పుడు అది చేప నోట్లో గుచ్చుకోదు, లివర్‌లోనే ఉండిపోతుంది. మీరు "లాగింది, కానీ పడలేదు" అని రాశారు కదా, అందులో సగం ఇదే అయ్యుంటుంది.

విసరడం కూడా మార్చండి. కొరడా విదిలించినట్టు కాకుండా, కర్రను పక్క నుంచి నెమ్మదిగా ఊపి, బరువు దానంతట అది పోయేలా వదలండి. పదిహేను ఇరవై మీటర్లు చాలు. మార్పు కోసం చెరువు నడుమకు విసరాల్సిన అవసరం అసలు లేదు, చీకటి పడ్డాక అది ఒడ్డుకే వస్తుంది.

కందనకాయకు రసం తక్కువ, పట్టు ఎక్కువ. నేను దాన్ని సన్నగా చీల్చి, లివర్ రక్తంలో నానబెట్టి వాడతాను. కోడి పేగులు కూడా బాగా నిలుస్తాయి, ఆఫ్రికన్ మార్పు వీటికి వెర్రిగా వస్తుంది. అందుకే నేను పేగులు దాదాపు మానేశాను, నాకు ఆ చేప వద్దు.

కుళ్లిన ఎర

2003 అనుకుంటా, ఏప్రిల్. ఎవరో చెప్పారని కోడి పేగులు, లివర్, కొంచెం ఎండు రొయ్యల పొడి ఒక పెయింటు డబ్బాలో వేసి మూడు రోజులు ఎండలో పెట్టాను. శనివారం సాయంత్రం స్కూటర్ డిక్కీలో పెట్టుకుని బయల్దేరాను. నాగోల్ దాటకముందే గ్యాస్‌కు మూత లేచిపోయింది. సిగ్నల్ దగ్గర నా పక్కన ఆగిన ఆటో రెడ్ లైట్ ఉండగానే ముందుకు జరిగింది. ఆ రాత్రి ఒక్క మార్పు పడలేదు. రెండు ఎండ్రకాయలు, ఒక తాబేలు. తాబేలును జాగ్రత్తగా విడిపించి నీళ్లలో వదిలాను. డిక్కీ వాసన దసరా దాకా పోలేదు. మా ఆవిడ ఆ స్కూటర్ ఎక్కడం మానేసి ఆర్టీసీ బస్సులో తిరిగింది.

తర్వాత పెద్దాయన ఆ డబ్బా కథ విని నవ్వి, ఒకే మాట అన్నాడు: "కుళ్లింది తినే చేప ఉంటది, కుళ్లిందే కావాలనే చేప ఉండదు." నాకు అర్థమైంది ఏమిటంటే, కుళ్లే కొద్దీ ఆ మంచి రసాలన్నీ బ్యాక్టీరియాకే పోతాయి, మిగిలేది అమ్మోనియా కంపు. పైగా ముక్క మెత్తబడి కొక్కేనికి నిలవదు. ఒక పూట గది వేడిలో ఉంచి కాస్త వాసన తిరిగిన రొయ్య వేరు, మూడు రోజుల డబ్బా వేరు. మార్పు మొదటిదాన్ని ఇష్టపడుతుంది. వాలుగ రెండూ ముట్టుకోదు, తాజాదే అడుగుతుంది.

ఒకసారి లెక్క కోసం రెండు కర్రలు వేసి చూశాను. ఒకే గట్టు, పది అడుగుల దూరం, వరుసగా నాలుగు శనివారాలు. ఒకదానికి ఎర్రల గుత్తి, ఒకదానికి ఉప్పు లివర్. ఎర్రలకు 19 జెల్లలు, 6 మార్పులు. లివర్‌కు 7 మార్పులు, జెల్ల ఒకటే. కానీ లివర్‌కు పడిన మార్పులు సైజులో పెద్దవి. ఇది ఒక్క చెరువు లెక్క, దీన్నే శాసనం అనుకోకండి. అయినా నా పద్ధతి అప్పటి నుంచి అదే: సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రెండు కర్రలకూ ఎర్రలు, జెల్లల గుంపు వెళ్లిపోయాక ఒకదానికి లివర్.

వాలుగకు

ఇది వేరే ఆట. వాలుగకు చిన్న చేపే ఎర. అదే చెరువులో పట్టిన పరక అయితే మరీ మంచిది, అది రోజూ తినే తిండి అదే కాబట్టి. బతికి ఉన్నది కావాల్సిన పని లేదు. అప్పుడే చచ్చిన అరచేతి పొడవు చేపను తల కింద ఏటవాలుగా కోసి, తల భాగాన్ని పెదవుల దగ్గర గుచ్చండి. కోసిన చోటు నుంచి రక్తం కారుతుంది. వేరే చెరువు నుంచి బతికిన చేపలను తెచ్చి ఎరగా వేయొద్దు, మిగిలినవి నీళ్లలో వదిలేస్తాం, దాంతో లేని జాతులు, రోగాలు వచ్చి చేరతాయి. మార్కెట్ నుంచి తెచ్చుకోవాలంటే ముషీరాబాద్‌లోనో రాంనగర్‌లోనో తెల్లవారుజామున చిన్న రకం చేపలు దొరుకుతాయి, చచ్చినవే తెచ్చుకోండి.

కప్పలతో వాలుగ పడుతుందని మీకు ఎవరో ఒకరు చెప్తారు. పడుతుంది కూడా. కానీ పెద్ద గోదురు కప్పకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఆ జోలికి పోకండి.

పళ్లు రంపంలా ఉంటాయి కాబట్టి కొక్కెం పైన జానెడు మేర సన్నటి స్టీలు తీగ కట్టండి. వట్టి తంగూస్ (నైలాన్ దారం) అయితే నాలుగు గుంజుళ్లకు తెగుతుంది. ఒకటి తెగి పోయినప్పుడు మనకు బాధ సరే, చేప నోట్లో కొక్కెం ఉండిపోతుంది కదా.

ఒక్క మాట. వాలుగ మునుపటిలా లేదు. ప్రపంచ స్థాయిలో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ముప్పున్న చేపల్లోనే దాన్ని పెట్టారు. వానాకాలం మొదట్లో గుడ్ల కోసం వరదకు ఎదురెక్కుతుంది. ఆ రోజుల్లో కడుపుతో పడినదాన్ని నేను వదిలేస్తాను. మీ ఇష్టం, నేను చేసేది చెప్పాను.

పిండి ముద్ద

దీని గురించి ఎక్కువ చెప్పను. గోధుమ పిండి, పల్లి చెక్క, తౌడు, ఎల్లిపాయ, కొంచెం ఇంగువ, ఇవన్నీ రవ్వకూ, బొచ్చెకూ, బంగారు తీగకూ పెట్టే ఎరలు. మీసాల చేపకు మాంసం రుచి కావాలి. పిండి మానకపోతే అందులో ఎండు రొయ్యల పొడి సగం, లివర్ రక్తం కొంత కలిపి, ఒక గుడ్డు తెల్లసొన కొట్టి పోసి, ముద్దలు చేసి మూడు నిమిషాలు ఉడకబెట్టండి. రబ్బరులా గట్టిపడతాయి, పరకలకు లొంగవు. పంగస్ ఉన్న చోట ఇది బాగానే పని చేస్తుంది.

తౌడుకు వేరే వాడకం ఉంది. వేయించిన తౌడు, పల్లి చెక్క, లివర్ రక్తం కలిపి, నారింజ సైజు ఉండలు రెండు మూడు గాలం పడే చోట వేయండి. దాన్ని తినడానికి పరకలు చేరతాయి, పరకల కోసం పెద్దవి వస్తాయి. బకెట్లు బకెట్లు వేయకండి, కడుపు నిండిన చేప మీ కొక్కెం వైపు ఎందుకు వస్తుంది? తాగునీటి జలాశయాల్లో ఈ పని అసలే చేయకూడదు.

సామాను, క్లుప్తంగా

కొక్కెం నంబర్ల లెక్క తిరకాసుగా ఉంటుంది: 8 చిన్నది, 2 పెద్దది, ఆ పైన 1/0, 3/0 అంటూ పెరుగుతాయి. జెల్లకు 6 లేదా 8. మార్పుకు 2 నుంచి 1/0. వాలుగకు 4/0 దగ్గర. వంపు తిరిగిన సర్కిల్ కొక్కెం దొరికితే మార్పుకు అదే వాడండి. అది ఉన్నప్పుడు గట్టిగా గుంజొద్దు, దారం బిగుసుకోగానే నెమ్మదిగా చుట్టండి, పెదవి మూలలో దానంతట అదే పట్టుకుంటుంది. మామూలు కొక్కేన్ని చేప పొట్టదాకా మింగేస్తుంది, వదిలేద్దామన్నా బతకదు.

సీసం గుండును దారానికి బిగించేయకుండా, దారం గుండులోంచి జారేలా పెట్టండి. చేప ఎర పట్టుకుని పోతే బరువు తగలదు, అనుమానపడి ఉమ్మేయదు. బెండు (నీటి మీద తేలే ముక్క) కట్టేవాళ్లు ఎర నేలకు ఆనేలా లోతు చూసుకోవాలి. నడి నీళ్లలో వేలాడే ఎరను పరకలే తింటాయి. మీ పిండి కష్టంలో ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఎక్కడ, ఎప్పుడు

ఇప్పుడు వానలు పడి నీళ్లు ఎర్రగా ఉన్నాయి కదా, మీకు మంచి కాలం. వాగు చెరువులో కలిసే చోట, అలుగు పారాక కింద మిగిలే గుంటలు, తూము దగ్గర రాళ్లు, తుంగ అంచు, ఇవి చూడండి. కొత్త నీరు పొలాల నుంచి ఎర్రలను, పురుగులను కొట్టుకొస్తుంది, మార్పులు ఆ నోటి దగ్గరే కాచుకుంటాయి. అందుకే ఆ రోజుల్లో ఎర్రకు మించింది లేదు.

మృగశిర కార్తె తర్వాత మొదటి వానలకు ఉసిళ్లు లేస్తాయి. ఆ ఒకటి రెండు రాత్రులు మార్పులు పైకొచ్చి వాటినే తింటాయి, అడుగున మీరు ఏం పెట్టినా చూడవు. అలాంటి రాత్రి సీసం తీసేసి, చిన్న కొక్కేనికి నాలుగు ఉసిళ్లు గుచ్చి, బెండు కింద జానెడు లోతులో వదలండి. ఒకసారి గంటన్నరలో తొమ్మిది పట్టాను. మళ్లీ అలాంటి రాత్రి నాకు మూడేళ్లకు దొరికింది.

డిసెంబర్, జనవరిలో నీళ్లు చల్లబడితే వాటికి ఆకలి మందగిస్తుంది. అప్పుడు చిన్న ఎర, లోతు నీళ్లు, మధ్యాహ్నం ఎండ తగిలే ఒడ్డు. లేదంటే ఇంట్లో దుప్పటి.

ముళ్ల సంగతి, ఇది తప్పకుండా చదవండి

మీసాల చేపలకు రెండు మొప్పల పక్కన రెక్కల్లో గట్టి ముళ్లు ఉంటాయి. జెల్లకూ, కొన్నింటికీ వీపు మీద ఇంకొకటి. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది. 2009లో చీకట్లో జెల్ల అనుకుని చేత్తో పట్టుకున్నాను. బొటనవేలి మొదట్లో దిగింది. మోచేతి దాకా మంట, చెమటలు, ఒళ్లంతా వణుకు. పక్కనున్న టీ కొట్టాయన వేడినీళ్ల గిన్నె తెచ్చి చెయ్యి అందులో పెట్టించాడు. అరగంటలో నొప్పి సగానికి దిగింది. తర్వాత డాక్టరు కూడా అదే సరైన పని అన్నారు: చర్మం కాలనంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి, వేడికి ఆ విషం పట్టు తగ్గుతుంది. ముందు మంచి చేత్తో నీళ్లు చూసుకోండి, గుచ్చుకున్న చేతికి వేడి తెలియదు. ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పెరిగినా, ఊపిరి ఇబ్బందైనా ఆస్పత్రికి వెళ్లాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ మర్చిపోవద్దు. ఇప్పుడు నా సంచిలో ఫ్లాస్కులో వేడినీళ్లు, పొడవు ముక్కు పట్టకారు, తల లైటు ఎప్పుడూ ఉంటాయి. చేపను తడి గుడ్డతో తల వెనక నుంచి పట్టుకోండి.

రాత్రి ఒంటరిగా వెళ్లకండి. రాళ్ల కట్ట మీద నాచు ఉంటుంది, పాములుంటాయి. మంజీరా అభయారణ్యం వైపు గాలం పట్టుకుని అసలు పోవద్దు, అక్కడ చేపలు పట్టడం నేరం, పైగా మొసళ్లున్నాయి.

పట్టింది తినొచ్చా? ఊరి చెరువైతే, చుట్టూ ఫ్యాక్టరీ నీళ్లు, మురుగు కలవకపోతే తింటాను. నగరం లోపలి మూసీలో, హుస్సేన్ సాగర్‌లో పట్టింది ఇంటికి తేను. మీసాల చేప అడుగు బురదలోనే తిరుగుతూ తింటుంది, అక్కడి బురదలో ఏముందో మనందరికీ తెలుసు.

ఆఫ్రికన్ మార్పు పడితే నీళ్లలోకి తిరిగి వదలొద్దు. దాని పెంపకం మన దేశంలో నిషేధం, ఎందుకంటే అది చెరువులో మిగతా చేపలన్నింటినీ తినేస్తుంది. గుర్తు తేలిక: మన నాటు మార్పు కిలో దాటడమే అరుదు. రెండు మూడు కిలోలది పడి "అబ్బ, ఎంత మార్పు" అనిపిస్తే అది నాటుది కాదు.

ఈ ఆదివారానికి మీరు చేయాల్సింది: ఎర్రలు ఒక కూజా, ఉప్పు పట్టిన లివర్ పావుకిలో, గాజు గుడ్డ చుట్ట ఒకటి. రెండో కర్ర ఉంటే తీసుకెళ్లండి. ఏ ఎరకు ఎన్ని గంటలకు ఏం పడిందో కాగితం మీద రాసుకుని వచ్చి ఇక్కడ పెట్టండి, చూసి మీ చెరువుకు తగ్గట్టు ఏం మార్చాలో చెప్తాను. అప్పటికీ లివర్ ఊడితే దారం ఎన్ని చుట్లు తిప్పారో అది కూడా రాయండి.